గజేంద్రమోక్షంలో అలంకారాల మీద ఒక పేపర్: డ్రాఫ్ట్ నుంచి అచ్చు దాకా (కేస్ స్టడీ)

ముందు కేసు ఏంటో చెప్తా. మా దగ్గర తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి పోతన భాగవతంలో అలంకారాల మీద పేపర్ రాసి ఒక జర్నల్‌కి పంపింది, వాళ్ళు "వర్ణనాత్మకంగా ఉంది, పరిశోధన ప్రశ్న లేదు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపేశారు. అప్పట్నుంచి అది ఇంకోచోట అచ్చయ్యేదాకా ఏమేం మార్చామో, ఎందుకు మార్చామో ఇక్కడ పెడుతున్నా, ఎందుకంటే అలంకారాల మీద మన తెలుగు డిపార్ట్‌మెంట్లలో వచ్చే పేపర్లు చాలావరకు ఇదే చోట ఆగిపోతుంటాయి. పిల్ల తెలివైనది, పద్యాలు నోటికొచ్చు, చక్కగా రాగం తీసి చదువుతుంది కూడా, అందుకే కాబోలు లోపం ఎక్కడుందో తనకి కనపడలేదు, పద్యం అంత బావుంటే ఇంకా నిరూపించాల్సింది ఏముంది అనిపిస్తుంది కదా.

డ్రాఫ్ట్ ఎలా ఉందంటే, మొదట కొన్ని పేజీలు పోతన జీవితం, ఆయన ఊరు బమ్మెరా ఒంటిమిట్టా అన్న గొడవ, రాజులకి అంకితమివ్వని కవి, నాగలి పట్టిన కవి, ఇవన్నీ. తర్వాత అలంకారం అంటే ఏంటి, సంస్కృత అలంకారశాస్త్రం రాసిన దండి ఏమన్నాడు, మమ్మటుడు ఏమన్నాడు. ఆ తర్వాత అసలు సరుకు, అంటే ఉపమ, దాని నిర్వచనం, ఒక పద్యం; రూపకం, నిర్వచనం, ఒక పద్యం; వృత్త్యనుప్రాస, ఛేకానుప్రాస, లాటానుప్రాస, యమకం (ఇవన్నీ హల్లో మాటో మళ్ళీ మళ్ళీ రావడం మీద ఆధారపడ్డ శబ్దాలంకారాలు), ఇలా వరస. చివర్లో "ఈ విధంగా పోతన శబ్దార్థాలంకారాలను సమపాళ్ళలో పోషించాడు" అని ముగింపు.

"అమ్మా, ఇది చదివాక పోతన గురించి ముందు తెలియంది ఏం తెలుస్తుంది?" అన్నా. "ఇన్ని అలంకారాలు వాడాడని సార్" అంది. అవి వాడని పద్యకవి ఎవరున్నారో చెప్పు అంటే నవ్వేసింది. సరే, అక్కడ్నుంచి మొదలుపెట్టాం.

మొదటి పని, ఘట్టాన్ని ఒక్కదానికి కుదించడం. గజేంద్రమోక్షం తప్ప మిగతావన్నీ తీసేయమన్నా. ప్రహ్లాద చరిత్రలోని "మందార మకరంద మాధుర్యమునఁ దేలు" పద్యం తీసేయడానికి తను అస్సలు ఒప్పుకోలేదు. పైగా దాన్ని మాలోపమ (ఒకదానికే వరసగా చాలా పోలికలు చెప్పే ఉపమ) కింద పెట్టింది. అక్కడ ఉపమావాచకం ఎక్కడుంది? వలె, పోలె, అట్లు, ఏదీ లేదు. ఉన్నది ఏంటంటే మధుపంబు "వోవునే", రాయంచ "సనునే", కోయిల "సేరునే", చకోరకంబు "అరుగునే", అంటే వెళ్ళదు అన్న ఒకే ధర్మాన్ని ప్రతి వాక్యంలో వేరే మాటతో చెప్పడం, అది ప్రతివస్తూపమ లక్షణం, మాలగా వచ్చింది అంతే. బింబప్రతిబింబ భావం, అంటే ఒక వాక్యం ఇంకోదానికి అద్దంలో నీడలా ఉండటం, కూడా ఉంది కదా దృష్టాంతం అనకూడదా అని వాదించొచ్చు, నేనైతే ధర్మం ఒకటే అవ్వడం వల్ల ప్రతివస్తూపమ వైపే ఉంటా. ఇది దానికదే ఒక పేపర్, ఇందులో ఇరికిస్తే రెండూ చెడతాయి అని పక్కన పెట్టించా.

రెండోది శాస్త్రం. తను కువలయానందం అనే అలంకారశాస్త్ర గ్రంథం లక్షణాలు తీసుకుని "దీని ప్రకారం పోతన ప్రయోగించాడు" అని రాసింది. అది రాసిన అప్పయ్య దీక్షితులు 16వ శతాబ్దం, పోతన 15వ శతాబ్దం. తర్వాత వచ్చిన పుస్తకాన్ని పోతన ఎలా అనుసరిస్తాడు? ఆ లక్షణంతో మనం పరీక్షించొచ్చు, తప్పులేదు, కానీ అనుసరించాడు అనకూడదు, వాక్యంలో క్రియ ఒక్కటి మారితే సరిపోతుంది కానీ రివ్యూ చేసేవాడు అక్కడే పట్టుకుంటాడు. కవి కాలానికి ముందున్నది కావాలంటే ఓరుగల్లులోనే ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన అలంకారశాస్త్రం ప్రతాపరుద్రీయం ఉంది, కాలమూ చోటూ రెండూ దగ్గరే, అది వాడమన్నా.

ఇక అసలు సంగతి. అనుప్రాస అని తను చూపించిన పద్యాల్లో ఒకటి ఇది:

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుఁగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

మొదటి పాదంలో ల, నాలుగు పాదాల్లో వ, ఇవి అనుప్రాస అని రాసింది. నేను ఛందస్సు తియ్యమన్నా. ఇది శార్దూలం, పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి. మొదటి పాదంలో 13వ అక్షరం "విలోలంబు"లోని లం, అది మొదటి అక్షరం లా తో కలవాలి, కలవకపోతే యతిభంగం. అంటే ఆ ల కవి ముచ్చటపడి తెచ్చుకున్నది అని చెప్పలేం, ఛందస్సు అడిగింది ఇచ్చాడు. అలాగే ప్రతి పాదంలో రెండో అక్షరం వ, అది ప్రాస, తప్పనిసరి. తెలుగు పద్యంలో ఈ రెండూ నిర్బంధాలు కాబట్టి ఏ పద్యం తీసుకున్నా కొంత అక్షరాల పునరావృత్తి ఎలాగూ ఉంటుంది, దాన్ని కూడా అలంకారం లెక్కలో వేస్తే ప్రతి తెలుగు కవీ అనుప్రాస చక్రవర్తే అవుతాడు. నాకు తెలిసి అలంకారాల పేపర్లలో ఎక్కువమంది జారేది ఇక్కడే, అలంకారశాస్త్రం సంస్కృతం నుంచి వచ్చింది, సంస్కృత వృత్తాలకి ఈ ప్రాస నిర్బంధం లేదు, అక్కడి లక్షణాన్ని తెచ్చి ఇక్కడి పద్యం మీద యథాతథంగా పెడితే కొలత తప్పుతుంది.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక స్ప్రెడ్‌షీట్, ప్రతి పద్యానికీ ఛందస్సు, మొత్తం అక్షరాలు, ప్రాస స్థానాలు, యతి స్థానాలు వేసి, అవి తీసేశాక ఆ హల్లు ఇంకెన్నిసార్లు, ఏ పాదంలో మిగిలిందో రాయడం. పై పద్యంలో వ మొత్తం 11 సార్లు వస్తుంది, ఈశ్వరలోని వత్తుతో కలిపి. ప్రాసవి 4 తీసేస్తే 7. ఆ 7లో మొదటి పాదంలో 1, రెండోదాంట్లో 2, మూడోదాంట్లో ఒక్కటీ లేదు, నాలుగోదాంట్లో 4. అంటే ఏనుగు దేవుణ్ణి పేరుపెట్టి పిలిచే చోట గుంపుగా పడ్డాయి. ఇప్పుడు చెప్పడానికి ఒక మాట దొరికింది, అయినా ఇక్కడ కూడా జాగ్రత్త, రావే కావవే అన్నవి వేడుకునే క్రియలు, వాటి వే వ్యాకరణం నుంచి వచ్చింది.

వ్యాకరణం సంగతి ఇంకా బాగా తెలిసింది "సిరికిం జెప్పఁడు" పద్యంలో. చెప్పఁడు, సంధింపఁడు, చీరఁడు, పన్నింపఁడు, చక్కనొత్తఁడు, వీడఁడు, ఆరు డు లు. తను వృత్త్యనుప్రాస అని ఎర్రటి గీత గీసుకొచ్చింది. అవి పుంలింగ ఏకవచన వ్యతిరేక క్రియలమ్మా, తెలుగులో వాడు చెయ్యడు అనాలంటే డు రాక ఏమొస్తుంది. కానీ ఆరు వ్యతిరేక క్రియలు వరసగా పేర్చాలన్నది మాత్రం ఎవరూ బలవంతపెట్టలేదు, విష్ణువు ఏం చేశాడో చెప్పకుండా ఏమేం చెయ్యకుండా పరిగెత్తాడో చెప్పడం, అది కవి ఎంపిక. అంటే అలంకారం ఉంది, తను చూస్తున్న అంతస్తులో లేదు, వాక్యం అంతస్తులో ఉంది. "లావొక్కింతయు"లో కూడా అంతే, మొదటి రెండు పాదాల్లో ఆరు చిన్న చిన్న వాక్యాలు, మూర్ఛ వచ్చెఁ, తనువున్ డస్సెన్ అని ఊపిరందనివాడు మాట్లాడినట్టు తెగిపోతుంటాయి. దాని పక్కన "అల వైకుంఠపురంబులో" పెట్టి చూడండి, మందారవనాంతరామృత అని మొదలైన సమాసం రమావినోది దాకా పాదాలు దాటి పోతూనే ఉంటుంది, పద్యం మొత్తంలో వాక్యాన్ని ముగించే క్రియ లేదు, "సంరంభియై" అని వేలాడి, సిరికిం జెప్పఁడు దగ్గర తెగుతుంది. కింద మడుగులో ముక్కలైన మాటలు, పైన వైకుంఠంలో తాపీగా సాగే సమాసం. ఇది రాస్తే పేపర్ అవుతుంది అన్నా.

ఇప్పుడు ఈ పేపర్‌కి గుండెకాయ లాంటి పద్యం. విష్ణువు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంటే వెనక లక్ష్మి నడక:

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

తెలుగువాళ్ళలో దీన్ని మెచ్చుకోని వాళ్ళుండరు, "అడుగుల తడబాటు వినిపిస్తుంది" అని అందరూ అంటారు, డ్రాఫ్ట్‌లో కూడా అదే వాక్యం ఉంది. ఎలా వినిపిస్తుంది అని అడిగితే డ కారం వల్ల అంది. లెక్కపెట్టించా. మొత్తం 62 అక్షరాలు, అందులో డ 23 సార్లు. ప్రాసకి కావల్సినవి 4. యతి ఇక్కడ అచ్చులతో కలుస్తోంది కాబట్టి డ అవసరమే లేదు. పుంలింగ వ్యతిరేక క్రియ ప్రత్యయం వల్ల వచ్చింది నుడుగఁడులో ఒకటి. మిగతా 18 కవి కోరి తెచ్చుకున్నవి. కొన్ని ఎలాగూ మాటలో భాగమే కదా అంటారా, ఒప్పుకుంటా, కానీ ఆ మాటలే ఎందుకు ఏరుకున్నాడన్నది ప్రశ్న. ఇక్కడ లెక్క నిజంగా అలంకారాన్ని చూపిస్తోంది.

తర్వాత గురులఘువులు (రెండు మాత్రల అక్షరం గురువు, ఒక మాత్రది లఘువు) వేయించా. కందంలో 2, 4 పాదాల చివర గురువు తప్పనిసరి. ఆ రెండు గురువులు తప్ప మిగతా 60 అక్షరాలూ లఘువులే. 60 లఘువులు 60 మాత్రలు, రెండు గురువులు 4 మాత్రలు, మొత్తం 64, కందం లెక్క సరిపోయింది. అయితే తను గమనించి చెప్పింది, నేను కాదు: "సార్, రెండో పాదంలో గురువు పడింది ఉడుగున్ మీద." నడ యుడుగున్ అంటే నడక ఆగింది. పద్యం మొదలైన దగ్గర్నుంచి అన్నీ లఘువులతో పరుగెత్తి మొట్టమొదటి గురువు దగ్గర ఆగితే, అక్కడున్న మాటకి అర్థం ఆగడం. గురువు ఛందస్సు పెట్టిన నిర్బంధం, నిజమే, దాని మీద ఏ మాట కూర్చోవాలో మాత్రం కవి నిర్ణయం. అప్పటిదాకా మేం నిర్బంధాన్ని తీసేసి మిగిలిందే అలంకారం అనుకుంటూ వచ్చాం, ఈ ఒక్క గమనింపుతో పేపర్ వాదన పెద్దదైంది: నిర్బంధాన్ని ముందు వేరు చెయ్యి, ఆ తర్వాత నిర్బంధాన్ని కవి ఎలా వాడుకున్నాడో చూడు. నాలుగో పాదం చివరి గురువు "ఎడలన్" మీద పడింది, దానికి అలాంటి అర్థమేం లేదు, అది కూడా పేపర్లో రాయమన్నా. మనకి అనుకూలంగా ఉన్న గురువు ఒక్కటే చూపించి రెండోది దాస్తే ఎవరో ఒకరు అడుగుతారు.

అలాగే అడిగెద, అడిగిన అన్నవి ప్రశ్నించడం, అడుగిడు అన్నది పాదం వెయ్యడం, ఒకే ధ్వని అటూ ఇటూ తిరుగుతోంది, దీన్ని యమకం అనాలా వద్దా అని రెండు పేజీల చర్చ రాసుకొచ్చింది, నేను ఒక పేరాకి తగ్గించా. పేరు ఏది పెట్టినా పని ఒకటే చేస్తోంది. స్వభావోక్తి (ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్ళకి కట్టించే అలంకారం) అన్నది మాత్రం ఉంచాం, ఎందుకంటే శబ్దం చేసే పని అర్థం చేసే పనికి ఎక్కడ అతుక్కుందో అక్కడ తేలుతుంది.

ఇంకో బలమైన ఆధారం మూలం నుంచి వచ్చింది. సంస్కృత భాగవతం అష్టమ స్కంధం 3వ అధ్యాయంలో హరి దేవతలతో కలిసి గరుత్మంతుడి మీద చక్రం పట్టుకుని వేగంగా వచ్చేస్తాడు, అంతే. విష్ణువు లక్ష్మి కొంగు పట్టుకోవడం, ఆవిడ వెనకాల తడబడుతూ నడవడం అక్కడ లేదు. గరుడవాహనం మీద వచ్చే దేవుణ్ణి పోతన వాహనాన్ని పిలవకుండా పరిగెత్తే దేవుడిగా మార్చాడు. అంటే ఈ కందం అనువాదంలో సర్దుబాటు కాదు, పూర్తిగా కవి సొంత స్థలం. డ్రాఫ్ట్‌లో మూలంతో పోలిక ఒక్క వాక్యం కూడా లేదు, పురాణానువాదం మీద పనిచేస్తూ మూలం తెరవకపోవడం మన దగ్గర మామూలైపోయింది, ఏం చేస్తాం.

టెక్నికల్ తలనొప్పులు కొన్ని. కంప్యూటర్‌తో అక్షరాలు లెక్కపెడితే తప్పొస్తుంది, యూనికోడ్‌లో డి అంటే డ, గుడి కలిపి రెండు కోడ్‌లు, వత్తు ఉంటే ఇంకా ఎక్కువ, ఛందస్సులో మాత్రం అది ఒక్కటే అక్షరం. కాబట్టి ఇలాంటి చిన్న ఘట్టానికి చేత్తో లెక్కే మేలు, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి సరిచూసుకోవాలి. పాఠభేదాలు ఇంకోటి, నోటికి చదివేవాళ్ళు "నుడుగఁడని" చోట "నుడువఁడని" అనడం కూడా వింటుంటాం, డ లెక్క మారదు కానీ ఏ ప్రతి వాడామో చెప్పి తీరాలి, పద్యాల నంబర్లు కూడా ప్రతిప్రతికీ మారతాయి. యూనికోడ్ కాని అను ఫాంట్స్‌లో టైప్ చేసి యూనికోడ్‌కి మారిస్తే అరసున్నలు ఎగిరిపోతాయి, ఉన్న చోట ఉంచి ప్రూఫ్ చూసుకోవాల్సిందే. వేరే రాతలతో ఎంత కలుస్తోందో చూపే సిమిలారిటీ రిపోర్ట్‌లో పద్యాలన్నీ కాపీ అని ఎర్రగా చూపించి పిల్లని హడలగొట్టాయి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా చర్య లేదు, మూలం చెప్పి ఉదహరించినవి లెక్కలోంచి మినహాయింపు కూడా ఉంది, ఉదాహరణలు విడిగా ఇండెంట్ చేసి పెడితే గైడ్ సంతకం పెట్టేటప్పుడు చూపించుకోవడం సులువు.

ఇదే పద్ధతి వేరే గ్రంథాలకి పనికొస్తుందా అని సెమినార్‌లో ఒకరడిగారు. తెలుగు బైబిల్ కీర్తనల మీద పనిచేస్తున్న ఇంకో కుర్రాడు అక్కడే ఉన్నాడు, వాడి చేత చెప్పించా. 119వ కీర్తనలో 176 వచనాలు, హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో అక్షరానికి 8 వచనాలు, ఆ ఎనిమిదీ అదే అక్షరంతో మొదలవ్వాలి. కాబట్టి అక్కడ మొదటి అక్షరం నిర్బంధం, కవి నేర్పు ఆ అక్షరంతో ఏ మాట ఎంచుకున్నాడన్న దగ్గర చూడాలి. తెలుగులోకి వచ్చేసరికి ఆలెఫ్, బేత్ అన్న శీర్షికలు మిగిలాయి తప్ప ఆ అక్షరక్రమం పోయింది. కానీ ఒక మాటని రెండో సగంలో ఇంకోలా చెప్పే సమాంతరత, 1753లో హీబ్రూ కవిత్వం మీద రాబర్ట్ లౌత్ అనే ఇంగ్లీషు పండితుడి ఉపన్యాసాలు అచ్చయ్యాక అందరూ మాట్లాడేది, అది అనువాదంలో బతుకుతుంది. బైబిల్లోనే విలాపవాక్యాలు అన్న పుస్తకం ఇంకా ఆసక్తిగా ఉంటుంది, మొదటి నాలుగు అధ్యాయాలూ అక్షరక్రమంలో నడుస్తాయి, ఐదోదానికి కూడా సరిగ్గా 22 వచనాలే ఉన్నాయి కానీ అక్షరక్రమం లేదు. నిర్బంధం ఉన్న రాతా లేని రాతా ఒకే పుస్తకంలో పక్కపక్కన దొరకడం పరిశోధకుడికి అదృష్టం. కుర్రాడికి నేను చెప్పింది ఒక్కటే, నువ్వు చదువుతున్నది హీబ్రూ కవితనా తెలుగు అనువాదాన్నా ముందు తేల్చుకో, రెండూ కలిపి "బైబిల్లో అలంకారాలు" అంటే కుదరదు.

మళ్ళీ మన కేసుకి. కొత్త పేపర్ పేరులోంచి "అలంకారాలు – ఒక పరిశీలన" పోయింది, "గజేంద్రమోక్షంలో ఛందోనిర్బంధం, శబ్దవైచిత్రి" అని పెట్టింది. పోతన జీవితం సున్నా పేజీలు. నిర్వచనాలు ఎక్కడ అవసరమో అక్కడ ఒక్కో వాక్యం. ఇద్దరు రివ్యూ చేశారు. ఒకాయన భాష బావుందన్నాడు, అంతకుమించి చదివినట్టు లేదు. రెండో ఆయన గట్టిగా అడిగాడు: సర్వలఘు కందం (తప్పనిసరి గురువులు రెండూ తప్ప అన్నీ లఘువులే ఉన్నది) అన్నది కవులు నేర్పు చూపించుకోవడానికి రాసే చిత్రం, ఇక్కడ లక్ష్మి నడక కోసమే వచ్చిందని ఎలా చెప్తారు? మంచి ప్రశ్న. మేం ఇచ్చిన జవాబు పద్యాల వరస. ముందు మత్తేభంలో లక్ష్మి మనసులో ప్రశ్నలు, దీనుల మొర విన్నాడా, వేదాలు దొంగలెత్తుకుపోయారా అని పెద్ద పెద్ద ఊహలు, తర్వాత శార్దూలంలో చెవికమ్మలు కదులుతూ జుట్టు ఊడిపోతూ ఆవిడ రూపం, ఆ బరువైన వృత్తాలు అయ్యాక హఠాత్తుగా ఈ చిన్న కందం. పైగా అందులో నాలుగు క్రియలు ఒకటి మార్చి ఒకటి ఎదురెదురుగా ఉన్నాయి, చను, ఉడుగు, అడుగిడు, అడుగిడదు. ఒట్టి నేర్పే అయితే ఈ అమరిక అక్కర్లేదు. ఆయన ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు, "పోతన శైలి" అన్న మాట తీసేసి "ఈ ఘట్టంలో" అని రాయమన్నాడు, ఒక్క ఘట్టంతో శైలి అనలేం కాబట్టి. తీసేసింది.

దాని మీదే రెండో పేపర్ నడుస్తోంది. భాగవతంలో 5వ స్కంధం బొప్పరాజు గంగన, 6వది ఏర్చూరి సింగన, 11, 12 వెలిగందల నారయ పూర్తిచేశారు కాబట్టి ఒకే గ్రంథంలో పోల్చడానికి వేరే చేతులు ఉన్నాయి. ఇప్పుడు సింగన స్కంధంలో కందాలన్నీ విడదీసి అదే షీట్‌లో ఎక్కిస్తోంది. ఆయన దగ్గర కూడా లఘువులు గుమిగూడిన కందాలు ఇలా నడక, పరుగు ఉన్న చోటే వస్తే దీన్ని పోతన సొంతం అనడానికి వీల్లేదు, ఆ రోజుల్లో కందం రాసే వాళ్ళందరికీ తెలిసిన పని అని రాయాల్సొస్తుంది, అలా తేలినా అచ్చుకే పంపమన్నా.